శనివారం సాయంత్రం ఆరు దాటాక అరెస్టు చేయించవలసిందిగా

మండల తహశీల్దారు మరియు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు వారి సముఖమునకు,

మొగలిపర్రు గ్రామ కాపురస్తుడు, ఏడో నంబరు తూము లష్కరు, నేలపూడి సుందరరావు (వయసు 56, ఏడో తరగతి పాసు) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమరు ఇచ్చిన ఉత్తర్వును నేను ఈ గురువారం ఉదయం ఆరు గంటలకు ఉల్లంఘించినట్లు నేనే తెలియజేసుకొనుట, అందుకుగాను నన్ను శనివారం సాయంత్రం ఆరు దాటాక మాత్రమే అరెస్టు చేయించమని కోరుట గురించి.

1. నేను ఇరవై ఆరేళ్లుగా ఏడో నంబరు తూము దగ్గర లష్కరుగా పనిచేస్తున్నాను. లష్కరంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. కాలువ మీద తూము షట్టరును హ్యాండిలు తిప్పి ఎత్తడం, దించడం, పొద్దున్నా సాయంత్రం నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం. అంతే. ఈ దాళ్వా పంటకు నీళ్లు చాలక వంతులు పెట్టారు. మా ఊరి వంతు ఈ గురువారం ఉదయం ఆరు నుంచి శనివారం సాయంత్రం ఆరు వరకు. మళ్లీ పన్నెండు రోజులదాకా రాదు. వరి ఇప్పుడు చిరుపొట్ట మీద ఉంది. ఈ వంతు తప్పితే గడ్డి మిగులుతుంది, గింజ మిగలదు. ఈ సంగతి తమరికి తెలియనిది కాదు. ఉత్తర్వు టైపు చేసినవారికి తెలియకపోయి ఉండవచ్చును.

2. తూముకు నలభై అడుగుల దూరంలో మా చెల్లెలు లిడియాకు రెండు సెంట్ల స్థలం, అందులో ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ప్రతి బుధవారం సాయంత్రం నాలుగు కుటుంబాల వాళ్లం అక్కడ ప్రార్థన చేసుకునేవాళ్లం. మైకు లేదు. పోయిన నెలలో కొందరు వచ్చి, ఇక్కడ మతం మారుస్తున్నారని కేకలేసి, మా బెంచీలు మూడూ కాలువలో పడేశారు. అవి తేలుకుంటూ నా తూము దగ్గరికే వచ్చి షట్టరుకు అడ్డం పడ్డాయి. అడ్డం తీయడం నా విధి కనుక నేనే దిగి తీశాను. తీస్తుండగా ఎవరో ఫోటో తీసి, “వివాద స్థలంలో బెంచీలతో నిందితుడు” అని ఫిర్యాదుకు జతచేశారు.

మతం మార్చితిననే ఆరోపణకు నా జవాబు. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్లందరూ పుట్టుకతో క్రైస్తవులు. మారినది మా ముత్తాత గారు. ఆయన మీద చర్య తీసుకొనదలిస్తే సమాధి ఎక్కడుందో చూపిస్తాను. లిడియా అత్తగారికి ఎనభై రెండేళ్లు. ఆవిడకు బీపీ మాత్రలు మార్చడానికే మేం నలుగురం ఆరు నెలలుగా పాటుపడుతున్నాం, కుదరడం లేదు.

3. దానిపై తమరు, ఉభయ పక్షాల శాంతి కోరి, ఒక పక్షం నుంచి బాండు రాయించుకున్నారు. ఆ పక్షం నేనే. షెడ్డుకు రెండు వందల మీటర్ల లోపు ఆరు నెలలపాటు నేను కనపడరాదని ఉత్తర్వు. నేను చట్టానికి లోబడే మనిషిని కనుక టేపు పట్టుకుని ఆ రెండు వందల మీటర్లు ఎక్కడిదాకా వస్తాయో కొలవబోయాను. షెడ్డు దగ్గర నుంచి కొలవాలంటే షెడ్డు దగ్గరికి వెళ్లాలి. వెళితే ఉల్లంఘన. కొలవకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. అందుచేత సోమవారం నుంచి ఇంట్లోనే ఆగిపోయాను.

4. సోమవారం మా ఏఈ ప్రవీణ్ కుమార్ గారు ఫోను చేశారు.

“సుందర్రావ్, గురువారం ఆరింటికి షట్టరు లేవాలి. లేవకపోతే మెమో ఇస్తాను.”

“నేను అటు వెళ్లకూడదని ఆర్డరొచ్చిందండి, సార్.”

“అది రెవెన్యూ వాళ్ల ఆర్డరయ్యా. మనది ఇరిగేషను.”

“ఆయ్. కాళ్లు మాత్రం రెండు డిపార్టుమెంట్లకీ ఇవేనండి.”

“పోనీ ఇంకెవరికైనా హ్యాండిలిచ్చి పంపు.”

“పక్క తూము లష్కరు పోస్టు ఖాళీ అయ్యి నాలుగేళ్లయిందండి. రైతుల చేతికిస్తే ఎగువ వాళ్లు దించనివ్వరు. నిరుడు ఒక్క పూట ఇచ్చేం, రెండు తలకాయలు పగిలేయి కదండీ.”

“అదంతా నాకు తెలీదు. షట్టరు లేవాలి” అని ఆయన పెట్టేశారు. మెమో మాత్రం సాయంత్రానికే వచ్చింది. ఇంత వేగంగా మా శాఖ నుంచి కాగితం రావడం నా సర్వీసులో ఇదే మొదలు.

5. మంగళవారం పొద్దున్నే వీరవెంకటసత్యనారాయణ గారు మా గేటు బయటికి వచ్చి నిలబడ్డారు. నా మీద ఇచ్చిన ఫిర్యాదులో మొదటి సంతకం ఆయనది. శివారున ఆరెకరాలు ఆయనవి. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. అప్పటినుంచీ నేను ఆయనకు “ఒరే సుందరం”.

“సుందర్రావుగారూ, ఉన్నారాండీ?”

ఆ పేరుగల పెద్దమనిషి మా ఇంట్లో ఎవరా అని నా భార్య కృపావతి వెనక్కి తిరిగి చూసింది.

“ఆయ్, రండి. లోపలికి రండి.”

“వద్దులెండి, ఎవరైనా చూస్తే బాగోదు. ఎల్లుండి వంతండి. తూము తీస్తారు కదా?”

“నేను అటు రాకూడదండి. మీ సంతకం మీదే కదా ఆర్డరిచ్చేరు.”

“అది షెడ్డు గురించండి. నీళ్ల గురించి కాదు.”

“రెండూ పక్కపక్కనే ఉన్నాయండి. సంతకం పెట్టేముందు ఓసారి అటు చూసుంటే బాగుండేది.”

“ఎవరైనా అడిగితే నేను రమ్మన్నానని చెప్పండి.”

“రాసివ్వండి.”

“రాస్తే నా కేసు పోద్ది కదండీ!”

“రాయకపోతే మీ చేను పోద్ది కదండీ!”

ఆయన కాసేపు మా కొబ్బరి చెట్టు వంక చూసి, “పోనీ మీరొచ్చి తీసేయండి. మేం చూడం” అన్నారు.

“పోయిన నెల మేం ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా అలాగే చూడకుండా ఉండుంటే సరిపోయేది” అన్నాను. ఆయన వెళ్లిపోయారు.

6. దారి లేకపోలేదు. మంగళవారం సాయంత్రం స్టేషనుకు పిలిపించి ఎస్సై గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. ఇకమీదట నేను గాని నా కుటుంబీకులు గాని సదరు స్థలంలో ప్రార్థన చేయబోమని, ఇంతవరకు చేసినది పొరపాటని అందులో టైపు చేసి ఉంది. సంతకం పెడితే ఉత్తర్వు ఎత్తివేయించే పూచీ తనదన్నారు.

“సంతకమే కదా సుందర్రావ్. పెట్టేసి, మనసులో చేసుకో. ఎవడు చూస్తాడు?” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. టీ కూడా తెప్పించారు.

అయ్యా, ఇరవై ఆరేళ్లుగా రోజుకు రెండుసార్లు నీటిమట్టం రాస్తున్నాను. కాలువ ఎండిపోయిన రోజు కూడా, పైవాళ్లు “రెండడుగులని రాసెయ్యి, లెక్క సరిపోద్ది” అన్నా, సున్నా అనే రాశాను. అందువల్ల నాకు మంచిపేరేమీ రాలేదు. లేని నీళ్లు ఉన్నట్టు రాయలేదు. ఉన్న దేవుణ్ణి లేనట్టు ఎలా రాయను? టీ తాగి, కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

7. ఇకమీదటిది ఫిర్యాదులో లేదు. ఎవరూ రాయరు కనుక నేనే రాస్తున్నాను.

మా డాబా ఎక్కితే శివారు చేలు కనిపిస్తాయి. మంగళవారం సత్యనారాయణ గారు వెళ్లాక ఎక్కి చూశాను. మళ్లు నెరలు విచ్చాయి. ఆకు కొసలు చుట్టుకుపోతున్నాయి. నాకు సంతోషం వేసింది. బుధవారం మూడుసార్లు ఎక్కాను. మా బెంచీలు కాలువలో పడేసినవాళ్ల చేలు, ఎవరిది ఎంత ఎండిందో ఒక్కొక్కటే చూసుకున్నాను. దీనికి ఏ సెక్షను వర్తిస్తుందో నాకు తెలియదు. నేను చేసిన నేరమంటూ ఉంటే అదే.

బుధవారం సాయంత్రం ప్రార్థన వేళకు షెడ్డుకు వెళ్లేదానికి లేదు. మా వంటింట్లోనే కూర్చున్నాం, నేనూ కృపావతీ. మిగతావాళ్లు భయపడి రాలేదు. ఆవిడ కళ్లు మూసుకోలేదు.

“ఏవండీ, అన్నిసార్లు డాబా ఎక్కుతున్నారేం?”

“ఊరికే. చూస్తున్నా.”

“వాళ్ల చేలు ఎండితే మన బెంచీలు ఆరతాయా?”

“నేనేం చేసేది కృపా? ఆర్డరుంది కదా.”

“ఆర్డరు మీద పెట్టకండి. తియ్యాలని మీకే లేదు. ముందది చెప్పండి దేవుడికి, తర్వాత ప్రార్థన చేద్దాం.”

చెప్పాను. చాలాసేపు పట్టింది.

8. కావున గురువారం ఉదయం ఆరింటికి నేను వివాద స్థలానికి నలభై అడుగుల దూరంలో కనపడి, షట్టరు ఎత్తితిని. ఈ అర్జీ తూము గట్టు మీద కూర్చునే రాస్తున్నాను. షెడ్డు వైపు వీపు పెట్టుకున్నాను, అది శాంతికి ఎంతవరకు ఉపయోగమో తెలియదు గాని. అక్కడ ప్రార్థన చేశావా అని ఎస్సై గారు అడుగుతారు. చేశాను. కళ్లు తెరుచుకుని, చేతులు హ్యాండిలు మీద ఉంచి, నోరు మూసుకుని చేశాను. జనం గుమిగూడలేదు. ఒక్కణ్ణే.

భయం లేదని కాదు. జైలు ఎలా ఉంటుందో నాకు తెలియదు. బాండుకు జామీను నిలబడినవాళ్లలో ఒకరు లిడియా భర్త, కొబ్బరికాయలు దింపే మనిషి. ఆయన మొహం ఎలా చూడాలో అంతకన్నా తెలియదు. తీస్తే తమరి దగ్గర నేరస్తుణ్ణి. తీయకపోతే ఏఈ గారి దగ్గర. సంతకం పెడితే ఎవరి దగ్గరా కాను, నా దగ్గర తప్ప. నాకు ఉన్నవి ఈ మూడు దారులే. తమరి దగ్గర నాలుగోది ఉంటే తెలుపగోరుతాను.

9. కాబట్టి నా మనవులు:

శనివారం సాయంత్రం ఆరు వరకు ఏ కానిస్టేబులునూ తూము మీదికి పంపవద్దు. నన్ను మధ్యలో తీసుకుపోతే షట్టరు దించేవాడు ఉండడు. ఆరు దాటాక దిగువ ఊరివాళ్ల వంతు. వాళ్లు నా మీద ఏ ఫిర్యాదూ చేయలేదు, వాళ్ల నీళ్లు మా ఊళ్లోనే అయిపోతే న్యాయం కాదు. ఆరింటికి షట్టరు దించి, రీడింగు రాసి, కాళ్లు కడుక్కుని నేనే స్టేషనుకు నడిచి వస్తాను. జీపు అక్కర్లేదు.

పన్నెండు రోజుల తర్వాత వచ్చే వంతుకు వేరొకరిని పెట్టించగలరు. అప్పటికి వరి వెన్ను తీస్తూ ఉంటుంది. ఏ మతస్తుడైనా ఫర్వాలేదు. నీళ్లు లేనప్పుడు లేవని రాసేవాడైతే చాలు.

ఎస్సై గారి కాగితం సంతకం లేకుండా ఇందువెంట జతచేయడమైనది.

జామీనుదార్లు బాండు మీద సంతకం పెట్టారు గాని షట్టరు ఎత్తలేదు. వాళ్లను పిలిపించవద్దు.

ఇవన్నీ చిత్తగించవలెను. చిత్తగించిన మీదట కోపగించినా సరే, శనివారం ఆరు వరకు ఆగవలెను.

తమ విధేయుడు
(రెండు వందల మీటర్ల అవతల ఉన్నంతవరకు),
నేలపూడి సుందరరావు

తా.క.: నేను తూము వదిలి రాలేను కనుక ఈ అర్జీ వీరవెంకటసత్యనారాయణ గారి చేత పంపుతున్నాను. ఆయనే వచ్చారు, చివరి మడికి ఇంకా నీళ్లు అందలేదని చెప్పడానికి. షట్టరు ఇంకో రెండు చుట్లు ఎత్తాను. మండలాఫీసుకు ఇది తీసుకెళ్తారా అని అడిగితే, “నా గురించి ఏం రాసేరండీ?” అన్నారు. “జరిగింది రాసేనండి” అన్నాను. కాగితం అందుకుని, “శనివారం దాకా ఆగమని నేను కూడా ఓ మాట చెప్పనాండీ?” అన్నారు.

“చెప్పండి.”

“చెప్తానండి. ఆదివారం నించి మాత్రం మన కేసు మనదేనండోయ్.”

ఆయ్ అన్నాను. ఇంకేమంటాను.