పన్నెండో పేజీ ఎద్దులు

ప్రత్తిపాడు,
4-8-2003.

హైదరాబాదు చిట్టిచేతుల పుస్తకాల ఆఫీసులో సంపాదకులు శివరామకృష్ణ గారి సముఖానికి,

యలమందయ్య చేతులు జోడించి రాసుకునేది. ఇక్కడ నేను, నా భార్య గురవమ్మ, ఎద్దులు రెండూ కులాసా. మీరు వేసిన ‘ఒకే కాడి నేస్తాలు’ బొమ్మల పుస్తకం అందింది. అట్ట మీద ‘కథ, బొమ్మలు: శ్రీరమ్య’ అని ఉంది చూశారా, ఆ శ్రీరమ్య మా అమ్మాయే. గుంటూరులో పిల్లలకు డ్రాయింగు చెబుతుంది. చిన్నప్పుడు పురుగుమందుల కంపెనీ క్యాలెండర్ల వెనక ఎద్దుల్ని గీస్తుంటే, కాగితాలు పాడుచేస్తున్నావని కేకలేసిన తండ్రిని నేనే. నేను చదివింది అయిదో తరగతి. ఈ పుస్తకం మాత్రం ఇప్పటికి ఇరవైసార్లు చదివాను. అందులో ఎద్దులు చుక్కన్న, బూడిదన్న మా కొట్టంలో ఉన్నవాళ్ళే. నుదుటి మీద మచ్చతో సహా దించేసింది. చుక్కన్నకు కూడా చూపించాను. వాడు అట్ట మూల కాస్త నాకాడు. ఆ కాపీని బీరువాలో పెట్టాం.

మీ చేతులు చల్లగుండాలి.

యలమందయ్య

తా.క. పన్నెండో పేజీలో ఇద్దరూ పొలం నుంచి ఇంటికొచ్చే బొమ్మలో పక్కలు మారాయి. నాగలి పట్టినవాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. ఒకసారి అలవాటైతే చచ్చేదాకా అదే పక్క. చుక్కన్న దాపట. పన్నెండులో ఎలపటకు పోయాడు. చిన్న విషయం, పట్టించుకోవద్దు. ఊరంతా చూసింది, అంతే.

హైదరాబాదు,
12-8-2003.

మాన్యులు యలమందయ్య గారికి,

మీ ఫిర్యాదు అందింది. ఎద్దులకు ఎదురుగా నిలబడి చూస్తే ఎడమది కుడిగా కనిపిస్తుందని మా అభిప్రాయం. అయినా ఊరంతా అభ్యంతరం చెప్పినట్టు మీరు రాశారు గనుక, విషయం తేలేవరకు రెండో ముద్రణ నిలిపాం. తమ పుస్తకం రెండో ముద్రణకు వెళ్ళిన చిత్రకారులకే మరో పుస్తకం ఇవ్వడం మా సంస్థ నియమం. గమనించగలరు.

భవదీయుడు,
శివరామకృష్ణ, సంపాదకుడు

తా.క. కన్నకూతురి పుస్తకం మీద తండ్రి ఫిర్యాదు చేయడం మాకు ఇదే మొదటిసారి. కుటుంబ తగాదాల్లో సంస్థ తలదూర్చదు.

ప్రత్తిపాడు,
16-8-2003.

దయగల శివరామకృష్ణ గారికి,

మీ ఉత్తరం చదివి యలమందయ్య మంచినీళ్ళు తాగి రాస్తున్నది. నాది ఫిర్యాదు కాదండీ. సంతోషం. సంతోషంలో నాకు ఏది కనపడితే అది రాసేస్తాను. మాకు తగాదాలు లేవు. మా అమ్మాయి నాతో గట్టిగా మాట్లాడింది ఒక్కసారే, అది కూడా నా కళ్ళజోడు గురించి.

ఎదురుగా చూస్తే అన్నారు. పన్నెండో పేజీలో ఎదురుగా తోకలున్నాయి. తోకల వైపు నుంచి చూస్తే ఎడమ ఎడమే. ఎద్దులకు నాడాలు కొట్టే మాబు సాహెబ్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “పొద్దున దాపట పోయినోడు సాయంత్రం ఎలపట ఎట్టా వచ్చాడ్రా యలమందా? మధ్యలో బస్సెక్కాడా?” అని అడిగాడు.  ఇంటికొచ్చి ఆలోచించాను. స్నేహితులన్నాక ఒకరి చోటు ఒకరు తీసుకోరా? ఎద్దులు పక్కలు మారతాయి. బొమ్మ సరిగ్గానే ఉంది. మీరు అచ్చు వేయండి.

మీ మాట కోసం చూస్తుండే

యలమందయ్య

తా.క. బొమ్మ దిద్దవద్దు. దిద్దితే మా అమ్మాయి తప్పు గీసిందని మీ ఫైల్లో ఉండిపోతుంది. ఈ ఉత్తరాల సంగతి అమ్మాయికి తెలియనివ్వకండి. రేపటి నుంచి చుక్కన్నను ఎలపటకు కడుతున్నాను.

హైదరాబాదు,
23-8-2003.

మాన్యులు యలమందయ్య గారికి,

బొమ్మ తప్పని 4వ తేదీనా, సరైనదని 16వ తేదీనా రాశారు. రెండు ఉత్తరాలూ ఫైల్లో పక్కపక్కనే ఉన్నాయి. పదవీ విరమణ చేసిన ఒక పశువైద్యుల్ని సంప్రదించాం. ఎద్దు పక్క మారదని వారు గట్టిగా చెప్పారు. మారుతుందని మీరు నెలరోజుల్లో రుజువు పంపితే ముద్రణ విషయం పరిశీలిస్తాం.

భవదీయుడు,
శివరామకృష్ణ, సంపాదకుడు

తా.క. రుజువుగా ఎద్దుల్ని హైదరాబాదు తీసుకురానవసరం లేదు. ఇంతకుముందు ఒకరు మేకను తెచ్చారు.

ప్రత్తిపాడు,
20-9-2003.

పెద్దమనసు గల శివరామకృష్ణ గారికి,

రుజువు ఈ కవరులోనే ఉంది. ముందు జరిగింది చెబుతాను. మొదటిరోజు కలుపు తీసే గుంటక కట్టి పత్తిసాళ్ళలోకి దింపితే ఇద్దరూ కదలలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నా ముఖం చూశారు. రెండోరోజు కదిలారు. చుక్కన్న ఎడమకు లాగాడు, బూడిదన్న కుడికి లాగాడు, గుంటక సాళ్ళ మీదుగా అడ్డంగా పోయింది. పదకొండు సాళ్ళ పత్తి నేలకు పడుకుంది. గట్టు మీద ఉన్న గురవమ్మ అన్నం క్యారేజీ కింద పెట్టి ఒకే మాట అంది: “బొమ్మ తప్పయితే బొమ్మను దిద్దుతారు గానీ, గొడ్లను దిద్దుతారా ఎవరన్నా?” తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. కూర మాత్రం మానలేదు.

అయినా నేను వదలలేదు. ఖాళీ కాడి కట్టి ఊరవతల డొంకలో పొద్దునా సాయంత్రం నడిపించాను. నడుస్తూ కథ చదివి వినిపించాను. చుక్కన్నకు బెల్లం పెట్టాను, బూడిదన్నకు క్షమాపణ చెప్పాను. ఇరవై ఆరో రోజున ఇద్దరూ కొత్త పక్కల్లో ఒక్క పత్తిమొక్క తొక్కకుండా సాలు చివరిదాకా వెళ్ళొచ్చారు. మాబు సాహెబ్ తలపాగా తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఫొటో స్టూడియో నాగూర్ వలి తీసిన ఫొటో, చూసిన పన్నెండుమంది సంతకాలు, వేలిముద్రలు పంపుతున్నాను. మా అమ్మాయి బొమ్మ నిజమండీ. ఇక అచ్చు వేయండి.

మీ మేలు మరవని

యలమందయ్య

తా.క. ఫొటో తోకల వైపు నుంచే తీయించాను. ముఖాలు కదా తీయాల్సింది అని నాగూర్ వలి బాధపడ్డాడు. మాకు ముఖాలతో పని లేదని చెప్పాను.

హైదరాబాదు,
6-10-2003.

మాన్యులు యలమందయ్య గారికి,

శుభవార్త. ‘ఒకే కాడి నేస్తాలు’ రెండో ముద్రణ పూర్తయింది. పాతిక కాపీలు విడిగా పంపుతున్నాం. శ్రీరమ్య గారికి మరో పుస్తకం కూడా ఇచ్చాం.

ఒక వివరణ. మీ రుజువు వచ్చేలోపే శ్రీరమ్య గారి ఉత్తరం అందింది. పన్నెండో పేజీలో తన బొమ్మను ఎవరో కుడిఎడమలుగా తిరగేశారని రాశారు. మూలచిత్రం తీయించి చూశాం. అక్షరాలకు చోటు చాలక తిరగేసింది మా ఆఫీసువారే. వారి బొమ్మలో మొదటి నుంచీ తప్పు లేదు. చుక్కన్నను తిరిగి దాపటకు చేర్చి ముద్రించాం. మీ మొదటి ఉత్తరమే సరైనది.

భవదీయుడు,
శివరామకృష్ణ, సంపాదకుడు

తా.క. మీ ఫొటోలో ఎద్దులు తారుమారుగా ఉన్నాయి. స్టూడియోవారు కూడా తిరగేశారా అని మా పశువైద్యులు అడుగుతున్నారు.

ప్రత్తిపాడు,
14-11-2003.

మా ఇంటి మనిషిలాంటి శివరామకృష్ణ గారికి,

పుస్తకాలు అందాయి. పన్నెండో పేజీ తెరిచి ఊళ్ళో ప్రతి అరుగు మీదా చూపించాను. మా అమ్మాయి మొదటి నుంచీ సరిగ్గానే గీసిందని మీరు రాసిన ఆ ఉత్తరాన్ని పటం కట్టించాను. మీ పశువైద్యులు గారికి నమస్కారాలు. స్టూడియో తప్పేమీ లేదు.

చుక్కన్న ఇప్పుడు దాపటకు రానంటున్నాడు. ఎలపట బాగుందట. పుస్తకం మళ్ళీ మార్చవద్దు. వాడికి నేనే నచ్చజెబుతున్నాను, బెల్లం నడుస్తోంది.

మొన్న అమ్మాయి వచ్చింది. జరిగిందంతా వాళ్ళమ్మ చెప్పేసింది. అమ్మాయి నవ్వి నవ్వి కొట్టంలో గడ్డిమోపు మీద కూలబడింది. తర్వాత నా వంకే చూస్తూ అక్కడే కూర్చుని రెండు రోజులు బొమ్మలు గీసింది. ఎద్దులకు కొత్త పక్క నేర్పే ముసలాయన కథ అట. మీకిచ్చే రెండో పుస్తకం ఇదే. ముసలాయన మీసాలు నావే. గురవమ్మ కూడా ఒప్పుకుంది.

సంతోషం పట్టలేక ఇక్కడితో ఆపుతున్న

యలమందయ్య

తా.క. అమ్మాయి తొందరలో చూసుకోలేదు. ఆరో పేజీలో ముసలాయన ఎద్దుల్ని అదిలించే ముల్లుగర్ర ఎడమచేత్తో పట్టుకున్నాడు. నేను పుట్టినప్పటి నుంచీ కుడిచేతివాణ్ణి. మీరేమీ దిద్దకండి, అమ్మాయికీ చెప్పకండి. నేర్చుకుంటున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి, ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాశాను.