శుక్రవారం నీళ్ళు

ప్రొద్దుటూరు,
15 జూన్ 2025,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన కోడలు షారోన్‌కు అత్త దీవెనమ్మ ప్రేమతోనూ ప్రార్థనతోనూ వ్రాయునది. ఇచ్చట మేము దేవుని కృప వలన క్షేమము. అచ్చట నీవును, మీ నాయన నతానియేలు అన్నగారును, మీ అమ్మ వదినగారును క్షేమమని తలంచుచున్నాను.

పై మాటలు నా చెయ్యి దానంతట అదే రాసింది తల్లీ. పెద్దముడియం బడిలో ఉన్నన్నాళ్ళూ ఉత్తరమంటే ఇట్లా మొదలుపెట్టాలని నల్లబల్ల మీద రాసి రాసి అలవాటైపోయింది. నిజం రాయాలంటే ఇక్కడ క్షేమం ఏమీ లేదు. నువ్వు జమ్మలమడుగు పుట్టింటికి పోయినప్పటి నుంచి ఇద్దరికి వండి, అందులోనూ సగం కుక్కకు వేస్తున్నాను. నా కొడుకు బాబ్జీ కంచం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, లేస్తాడు.

ఫోన్ చేస్తే ఎత్తవు. వాడి నంబరు బ్లాక్ చేశావట. నాది చెయ్యలేదు గానీ మోగి మోగి ఆగిపోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను. ఈ ఉత్తరం బాబ్జీ చేతికే ఇచ్చి పంపుతాను. ముందు నువ్వు చదువుకో నాయనా, తర్వాతే ఆమెకు ఇవ్వు అని వాడితో చెప్పాను. అత్తాకోడళ్ళ మధ్య వాడికి తెలియకూడనిది ఏముంది కనుక.

నీకు తెలిసిన సంగతులే అయినా మొదటి నుంచి వరసగా రాస్తాను. టీచరును గదా, మధ్యలో ఎత్తుకుంటే నాకే తోచదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మన మెర్సీ అక్టోబరులో డెంగీ జ్వరంతో పోయింది. ఆరేళ్ళు నిండలేదు. సమాధి దగ్గర నువ్వు స్పృహ తప్పావు, నేను గుండెలు బాదుకున్నాను. బాబ్జీ మాత్రం మట్టి వేసి, చేతులు దులుపుకుని, పాస్టరు గారికి కుర్చీ తెచ్చి వేశాడు. ఆ రోజు నుంచి వాడు ఏడవడం నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. రాయి మాదిరి ఉన్నాడే వీడు అని నువ్వు మీ అమ్మతో అన్నావని నాకు తెలుసు. నేను తప్పు పట్టలేదు. నేనూ అదే అనుకున్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత వాడికి పార్సిళ్ళు రావడం మొదలైంది. పోయిన ఎండాకాలం పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తూ ఉంటే కంప్యూటర్ వేడెక్కి మధ్యలో ఆగిపోయేది గదా, ఈసారి ఫ్యాన్లతో కాదు, నీళ్ళతో చల్లబరిచే మిషన్ కడతానన్నాడు. లోపల చిన్న మోటరు, చిన్న తొట్టి, బండికి ఉన్నట్టు ఒక రేడియేటరు. వేడెక్కే భాగాలన్నిటి మీదుగా గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూనే ఉంటాయట. మన ప్రొద్దుటూరు మే నెలను కంప్యూటర్ కూడా ఓర్చుకోలేదంటే మనుషుల సంగతేమిటని నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. నీళ్ళు అన్న మాట వినగానే నీ ముఖం మాడిపోయింది.

ఇప్పుడొక సంగతి చెబుతాను. ఇది వాడు నీకు చెప్పలేదు, నాకు చెప్పినా నేను నీకు చేరవెయ్యలేదు.

ఆ గొట్టాలు వంచడానికి వాడు పడిన అవస్థ నువ్వు చూశావు. చూడటానికి గాజు, ముట్టుకుంటే గట్టి ప్లాస్టిక్. లోపలికి పొడుగాటి రబ్బరు తాడు దూర్చి, వేడిగాలి గన్‌తో తిప్పుతూ తిప్పుతూ కాచి, సరిగ్గా మెత్తబడిన క్షణంలో చెక్క అంచుకు ఆనించి వంచాలి. వేడి ఎక్కువైతే బుడగలొస్తాయి, తక్కువైతే మూల నొక్కుకుపోతుంది. ఎన్ని పారేశాడో లెక్కలేదు. ఇంత బాధేమిటిరా, మెత్తటి గొట్టాలు కూడా దొరుకుతాయంట గదా, అవి చేత్తో వంగుతాయి గదా అని నేనడిగాను. వాడు గన్ ఆపి, తల ఎత్తకుండానే, "వద్దుమా, మెత్తటి పైపుల్లో నీళ్ళు పోతాంటే నాకు పాప చేతికి పెట్టిన గ్లూకోజు పైపు మాదిరే అగుపిస్తాది. ఆడ్నుంచి ఇంగ పని చెయ్యలేను" అన్నాడు. మళ్ళీ గన్ వేసుకున్నాడు.

నీతో ఎందుకు చెప్పలేదంటావా? నేనే చెబుతానన్నాను. దాని ముందర ఆ పైపు మాట ఎత్తొద్దుమా, అది శానా ఏడుస్తాది అని వాడు అడ్డం పడ్డాడు. నువ్వేమో, పిల్ల పోయిన ఇంట్లో వీడికి బొమ్మలాట కావాల్సొచ్చింది అనుకున్నావు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు ఎంత దూరం పోయారో చూడు. మధ్యలో నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

నీ వైపు కూడా రాస్తాను, వాడు చదవాలి. మెర్సీ పోయినప్పటి నుంచి శుక్రవారం వస్తే నువ్వు మనిషివి కావు. నర్సు ప్రసూన నిలవ నీళ్ళు పారబోయించే డ్రైడే అని వీధిలోకి వచ్చేసరికే కూలర్, ఫ్రిజ్ వెనక పళ్ళెం, మనీప్లాంటు సీసా, కోళ్ళ చిప్ప, అన్నీ బోర్లించి ఉంటాయి. అట్లాంటి దానివి, హాలు మూలన ఆ మిషన్‌లో వారాల తరబడి అవే నీళ్ళు ఉంటే నీకెట్లా ఉంటుంది? వంటింటి గడపలో నిలబడి, "అత్తా, ఈ ఇంట్లో మళ్ళా నీళ్ళు నిలవ పెడతాండాడు చూడు" అన్నావు. వాడేమో, "దోమ దూరే సందు యాడుంది షారోన్? అంతా బిగించి ఉండాది. అవి బోరు నీళ్ళు కూడా కాదు, ఇమ్రాన్ బ్యాటరీ అంగట్లో కొన్న డిస్టిల్డ్ వాటరు" అని సమాధానం చెప్పాడు. సమాధానం సరైనదే. నువ్వు అడిగింది మాత్రం దాని గురించి కాదని వాడికి తోచలేదు. మగవాళ్ళకు అడిగినదానికి జవాబిస్తే పని అయిపోయినట్టే.

ఇక ఆ శుక్రవారం. వాడు పులివెందులకు పెళ్ళి షూటింగ్ పోతూ, వేముల వాళ్ళ పెళ్ళి వీడియో దానంతట అదే తయారయ్యేటట్టు మిషన్ ఆపకుండా పెట్టి పోయాడు. తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాలిన వాసన. అడుగున నీళ్ళు వదిలే చిన్న కుళాయి సగం తిరిగి ఉంది. నీళ్ళు సగం పోయి, మోటరు కాలి, మిగిలిన నీళ్ళు కాగిపోయి, వాడు అంత కష్టపడి వంచిన గొట్టం మెత్తబడి జారి, ఊడి, ఆ నీళ్ళన్నీ లోపలి కరెంటు పలకల మీద కారాయి. మిషన్ పోయింది.

కుళాయి ఎవరు తిప్పినారని అడిగాడు. నేను తిప్పలే అన్నావు. "అమ్మ దాని దగ్గరికి పోనే పోదు, ఇంగెవరు తిప్పినారు? అబద్ధం చెప్తాండావు" అన్నాడు. నేను తిప్పలే అని మళ్ళీ అన్నావు. అప్పుడు వాడు అన్న మాట నేను మంచం మీద నుంచి విన్నాను. "ఈ ఇంట్లో ఇంగ ఏది మిగలనిస్తావు నువ్వు?" అన్నాడు.

బాబ్జీ, ఈ వాక్యం నువ్వు రెండుసార్లు చదువు. నువ్వు మిషన్‌ను గురించి అన్నావు. ఆ పిల్ల తన బిడ్డను గురించి విన్నది. ఏ తల్లి అయినా అట్లాగే వింటుంది. అందుకే సంచి సర్దుకుని బస్సెక్కింది.

షారోన్, ఆ కుళాయి తిప్పింది నేను.

నిన్న వాడితో చెప్పేశాను. నిలవ నీళ్ళంటే నాకూ భయం పట్టుకుంది, మీరిద్దరూ లేనప్పుడు పోయి తిప్పాను, ఎట్లా ముయ్యాలో తెలియక సగంలో వదిలేశాను, తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదు అని చెప్పాను. "అప్పుడే చెప్పొచ్చు గదమ్మా" అన్నాడు. నోరు రాలేదు నాయనా అన్నాను. "నేను దాన్ని ఎంతమాట అన్నానో ఇన్నావా నువ్వు?" అన్నాడు. విన్నానన్నాను. అంతే, వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఏమి ఏడుపు! పక్కింటి నాగేంద్రమ్మ గోడ మీద నుంచి చూసి, ఏంది, ఏమైంది అని పరిగెత్తి వచ్చింది. ఏమీ లేదక్కా, ఏడవనీ అన్నాను. ఆ ఏడుపు మిషన్ కోసం కాదమ్మా. అక్టోబరులో ఏడవాల్సింది వాడు నిన్న ఏడ్చాడు. వాడి ఏడుపు మధ్యలో మెర్సీ పేరు వినిపించింది.

ఈ పొద్దు గుడిలో వాడు చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఇంటికొచ్చి గొట్టాలన్నీ విప్పి మూటగట్టాడు. కొత్త మోటరు తెస్తావా అంటే, "షారోన్ పొయ్యమంటేనే నీళ్ళు పోస్తా. వద్దంటే ఫ్యాన్లు పెట్టుకుని గుయ్యిమనిపిస్తాంటా, నాకేం" అన్నాడు. మీ నాయన ముందర, మీ అమ్మ ముందర తప్పు ఒప్పుకుంటానని కూడా అన్నాడు. మీ నాయన నాలుగు మాటలు అంటే పడనీ. కానీ ఆ తర్వాత నువ్వు లోపలికి పోయి తలుపు వేసుకోవద్దు. గ్లూకోజు పైపు సంగతి వాడి నోటితో వాడినే చెప్పనీ. నువ్వు ఏడుస్తావని భయపడి వాడు, వాడు కసురుతాడని భయపడి నువ్వు, ఎన్నాళ్ళుంటారు ఇట్లా? ఆ పిల్లకు తల్లీ తండ్రీ మీరిద్దరే. దాని గురించి మాట్లాడుకోవడానికి మీకు మీరు తప్ప ఇంకొకరు లేరు.

మా మీద కోపం ఉంటే ఇంటికొచ్చి చూపించు. నేను తప్పించుకుని ఎక్కడికీ పోను.

ఇట్లు,
నీకు చెడ్డపేరు తెచ్చిన అత్త,
దీవెనమ్మ.

తా.క. ఇది వేరే చీటీ. బాబ్జీ ఉత్తరం అంతా చదివి, ముఖం కడుక్కుని, బండికి పెట్రోలు పోయించుకు రావడానికి పోయాడు. వాడు వచ్చేలోపు ఇది రాసి, కవర్లో పెట్టి అంటిస్తాను.

నేను ఆ కుళాయి ముట్టుకోలేదు. నీకు తెలుసు.

ఆ శుక్రవారం నేను వరండాలో కందిబేడలు ఏరుతున్నాను. నువ్వు బకెట్టు పెట్టి, కింద కూర్చుని కుళాయి తిప్పడం తెర సందులోంచి చూశాను. సగం నీళ్ళు పడేసరికి నాకు దగ్గొచ్చింది. నువ్వు ఉలిక్కిపడి, సరిగ్గా మూసీ మూయకుండా లేచి బకెట్టు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తావు. దగ్గకపోయి ఉంటే ఏమయ్యేదో. కాబట్టి నేను వాడితో చెప్పింది పూర్తి అబద్ధం కాదని దేవునితో వాదిస్తున్నాను. ఆయన ఒప్పుకున్నట్టు లేదు. పెరట్లో నీళ్ళు పారబోసి, బకెట్టు అడుగున వేలితో తడిమి చూశావు చూడు, పురుగులున్నాయేమోనని, అది చూసినప్పుడే నాకు అర్థమైంది. అప్పుడే వచ్చి నిన్ను పట్టుకోవలసింది. కందిబేడల్లో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

నువ్వు ఎందుకు కాదన్నావో కూడా తెలుసు. అక్టోబరులో ప్రసూన స్నానాలగది డ్రమ్ములో ఫోన్ లైటు వేసి, ఇదో దోమ పురుగులు అని వీధి వీధంతా వినేటట్టు చెప్పింది. అందరూ నిన్నే చూశారు. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ఏ ఇంట్లో డ్రమ్ము లేదు? ఏ దోమ కుట్టిందో, ఇంట్లో కుట్టిందో బడిలో కుట్టిందో ఎవరు చూశారు? అప్పుడు నీ పక్కన నిలబడి ఈ మాట నేను అనలేదు. అందుకే నీళ్ళ గురించి ఎవరేమడిగినా నీ నోట్లోంచి నేను కాదు అన్నదే వస్తోంది. వేరే మాట వస్తే పిల్లను నేనే చంపుకున్నానని ఒప్పుకున్నట్టు అవుతుందని నీ భయం.

వాడు నమ్మాడా అంటావా? నా వేళ్ళ సంగతి నీకు తెలుసు. ఊరగాయ జాడీ మూత నువ్వు తీసిస్తే గాని రాదు, ఆ సన్న కుళాయి నేనెట్లా తిప్పుతాను? నిన్న నేను చెబుతున్నంతసేపూ వాడు నా వేళ్ళ వంకే చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉండిపోయాడో అడగను. నువ్వూ అడగొద్దు.

బండి చప్పుడు వినిపిస్తోంది. ఈ చీటీ చించేసి వాడి వెనక బండెక్కి రా. ఇక మీదట నీళ్ళ మాట ఎవరెత్తినా, ప్రసూన అయినా, వీధిలో వాళ్ళయినా, అది మా అత్త చేసిందని చెప్పు. కుళాయి ఒక్కటే కాదు తల్లీ. డ్రమ్ము కూడా.