టామ్ అని పేరు పెట్టిన పలక

నవంబరు 3

వద్దన్నారు. ఊహించినదే. అయినా కడుపు మండుతోంది.

క్రిస్మస్‌కు ఒక్క పాట. ఒక్క పాటకు నాయన తన డప్పు, ఆ పలక, కొడతాడు, ఒప్పుకోండి అని అడిగాను. సంఘ పెద్దలందరూ ఉన్నారు. ప్రకాశం మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ — "శవాల ముందర కొట్టేదాన్ని గుళ్ళోకి ఎట్ట తెస్తామమ్మా? దాన్నుంచే గదా మనం బయటికొచ్చినాము." పాస్టరయ్యగారు నేల చూపులు.

మనం అంట. మాస్టారి తాత ఏం వాయించేవాడో ఉదయగిరిలో ఎవరికి తెలియదు? మా తాతా ఆయనా ఒకే మంట దగ్గర పలకలు కాచుకున్నవాళ్ళే.

నవంబరు 5

నాయనకు చెప్పలేదు. అడిగిన సంగతే తెలియదు ఆయనకు. పలక మానితేనే బాప్తిస్మం అన్నారు అప్పట్లో. ఆ రోజు మేకుకు తగిలించినవాడు మళ్ళీ ముట్టుకోలేదు. వేళ్ళు మాత్రం ఊరుకోవు. కంచం అంచు మీద, మంచం కోడు మీద...

నవంబరు 9

ఆరాధన అయ్యాక రికార్డింగ్. ఆత్మకూరులో నేను పనిచేసే పాటల స్టూడియో నుంచి మైకు తెచ్చుకున్నాను. "స్టూడియో పనికి కావాలి నాయనా" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు.

మేకు మీది నుంచి దించాడు. దుమ్ము తుడిచాడు. వాకిట్లో కందికట్టెతో మంట వేసి పలక కాచాడు. కాగితే గానీ అది పలకదు. చర్మం బిగుసుకునేదాకా తిప్పుతూనే ఉన్నాడు, వేలితో తట్టి చెవి పెట్టి వింటూ. ఒక్కో దెబ్బ విడిగా కొట్టమంటే నవ్వాడు. "ఒక్కోటి ఎట్ట కొడతారు పాపా? ఒకటి కొడితే ఇంకోటి దానంతటదే వస్తాది."

కుడిచేతి పొట్టి కర్ర చిర్ర, ఎడమచేతి సన్న పుల్ల. అంచు మీద, నడిమధ్య. మెల్లగా, గట్టిగా. ఒక దెబ్బ చివర ఆయన దగ్గు కూడా పడింది. కత్తిరించబుద్ధి కాలేదు.

నవంబరు 12

స్టూడియోలో గిరాకీ లేదు. రోజంతా మ్యాపింగే. కీబోర్డు మీద ఒక్కో మీటకు ఒక్కో దెబ్బ. ఇది నొక్కితే చిర్ర, పక్కది నొక్కితే పుల్ల. వేలు మెల్లగా పడితే మెల్లటి దెబ్బ, గట్టిగా పడితే గట్టిది. నాయన రెండు చేతులూ వరసగా మీటల మీదకు వచ్చేశాయి.

తర్వాత పేర్లు. ప్రతి మీట పక్కన పేరు రాయాలి, లేకపోతే ఏది ఎక్కడుందో నాకే తెలియదు. పలక అని రాయబోయి ఆగాను. గుడిలో నా లాప్‌టాప్ తెరే గోడ మీద పడుతుంది, పాట మాటల కోసం. ఎప్పుడో ఒకప్పుడు ఈ పేర్లూ పడతాయి. అందుకని — టామ్ 1, టామ్ 2, టామ్ 3. డ్రమ్‌సెట్‌లోని డ్రమ్ముల పేర్లు. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పలకకు కూడా బాప్తిస్మం ఇచ్చేశాను.

నవంబరు 16

పాట వినిపించాను. గుడంతా కదిలిపోయింది. ప్రకాశం మాస్టారు ముందు వరసలో తొడ మీద తాళం. "ఏం డ్రమ్సమ్మా అవి! గుండెలో కొట్టినట్టు ఉండాది."

గెలిచాననుకున్నాను. వెనక చాప మీద చూస్తే నాయన లేడు. పాట సగంలోనే లేచి వెళ్ళిపోయాడట.

ఇంట్లో...

"అది నా చెయ్యి."

"అవును నాయనా."

"గోడ మీద ఏమని పడినాది?"

చెప్పాను. "పలక దించితేనే నన్ను లోపలికి రానిచ్చినారు. ఇప్పుడు పలకను రానిచ్చి నన్ను ఎనక కూసోబెట్టినావా? తీసెయ్."

నవంబరు 17

మాట్లాడడం లేదు. పెడితే తింటున్నాడు, అంతే.

నవంబరు 23

తీసేశాను. పాట అదే, మీటలు అవే. వాటికి సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన కంపెనీ డ్రమ్ కిట్ తగిలించాను. ఆ కిట్‌లో ఏ మీటకు ఏముందో చూసుకోకుండా వేశాను — చిర్ర పడాల్సిన చోట చప్పట్లు, పుల్ల పడాల్సిన చోట ఆవు మెడగంట. యేసయ్య పుట్టాడు అన్నచోట టంగుమని గంట. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపు. మ్యాప్ సరిచేశాను. శుభ్రంగా ఉంది. ప్రాణం లేదు.

నవంబరు 30

రాయకపోతే నిద్ర పట్టదు.

కొత్తది విని మాస్టారు మొహం చిట్లించాడు. "సప్పగా ఉండాదేందమ్మా? పోయినసారివే పెట్టు, ఆ టామ్సు."

"అవి టామ్స్ కావు మాస్టారూ. మా నాయన పలక."

ఆయన తొణకలేదు. "తెలుసులేమ్మా. ఆ చప్పుడు నాకు తెలీదా?"

మరి ఎందుకు వద్దన్నారు అని అడిగాను.

"చప్పుడుదేముండాది. మనిషి దాన్ని తగిలించుకోని ముందర నిలబడితేనే... కలువాయి నుంచి, నెల్లూరు నుంచి అందరూ వస్తారు. చూస్తారు గదా."

పాస్టరయ్యగారు ఈసారీ నేలనే చూశారు. ఆ నేల మీద ఏముందో.

డిసెంబరు 2

మొదటి దెబ్బకే తెలుసు మాస్టారికి. నేను వాళ్ళను మోసం చేశాననుకుని మురిసిపోయాను. వాళ్ళకు కావలసిందే చేసి పెట్టాను — చప్పుడు ఉండాలి, మా నాయన దానియేలు కనపడకూడదు. అసహ్యం వేస్తోంది. వాళ్ళ మీదా, నా మీదా.

డిసెంబరు 7

మాస్టారు అన్న మాట నాయనకు చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"వాడూ నేనూ మర్రిపాడు జాతరలో కలిసి కొట్టినోళ్ళమే. వాడికి ఉద్యోగం రాకముందు. నాకన్నా బాగా కొట్టేవోడు."

ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు ఈ సంగతి. ఎందుకని అడిగితే — "వాడే మర్చిపోవాలనుకున్నాక మనకెందుకు?"

డిసెంబరు 14

"నువ్వొచ్చి కొడితేనే ఆ పాట. లేకపోతే లేదు" అన్నాను.

"ఒద్దన్నోళ్ళ ముందర నిలబడమంటావా?"

అవును నాయనా, అదే అంటున్నాను. లేచి మేకలకు ఆకు వేయడానికి పోయాడు.

డిసెంబరు 20

నాయన దెబ్బలు మళ్ళీ పెట్టి, టామ్ పేర్లన్నీ చెరిపేశాను. తెలుగులో రాశాను, పెద్ద అక్షరాలు: దానియేలు చిర్ర. దానియేలు పుల్ల. దానియేలు అంచు. దగ్గు పడినదానికి — దానియేలు దగ్గు.

ఆ మీటలన్నిటినీ మూగబెట్టాను. గోడ మీద పేర్లు పడతాయి, చప్పుడు రాదు. నాయన వస్తే ఆయనే కొట్టాలి. రాకపోతే పాట మధ్యలో ఆ ఖాళీ ఖాళీగానే వినిపించాలి. అందరూ వినాలి.

డిసెంబరు 22

స్టూడియో ఓనరు — "పండగ పూట గొడవెందుకు? కంపెనీ కిట్టు పెట్టి పాడించెయ్." సలహాలకు కొదవ లేదు.

డిసెంబరు 25, పొద్దున

దుర్గం కొండ కనపడడం లేదు, అంత మంచు. మాస్టారి ఫోను — "ఆ టామ్సే పెట్టినావు గదమ్మా?" పేర్లు మార్చాను మాస్టారూ అన్నాను. సరే సరే అని పెట్టేశాడు. గోడ మీద చూస్తాడుగా.

లాప్‌టాప్ సంచిలో పెట్టాను. నాయన వచ్చి కొట్టేదీ లేనిదీ రాత్రి కూడా తేలలేదు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను, తీసుకున్నాడు. అది ప్రతి ఏడూ తీసుకుంటాడు.

మేకు లోపలి గదిలో ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పలక దాని మీద ఉందో లేదో వెళ్ళి చూడొచ్చు. భయంగా ఉంది, చూడలేదు.

వాకిట్లో నాయన మంట వేశాడు. చలి కూడా బాగానే ఉంది.