మీ అమ్మ నీళ్లు పోసే చెట్టు

మీరు వచ్చేసరికి నేను దొనకొండ రైల్లో ఉంటాను, మా అమ్మ దగ్గరికి. ఆకులు పసుపెక్కి పండబారుతున్న తోటకు ఏ సత్తువ తక్కువైందో పరీక్షకు పంపడానికి వ్యవసాయ ఆఫీసరుగారి బంట్రోతు రేపు బత్తాయి ఆకులకు వస్తాడు. ప్రతి చెట్టుకూ నాలుగు వైపులా, లేతవీ ముదురువీ కాకుండా కోయండి. పోయినసారి ఆఫీసరుగారికి ఇచ్చేవని పరువుకు పోయి పచ్చటి మంచివే ఏరారు. చెట్లలో లోపం లేదని జవాబొచ్చింది. "గొడ్రాలు నీళ్లు పోస్తే తోట పండబారక ఏమైతాది?" అని మీ అమ్మ నా గురించి ఊరంతా చెప్పింది. ఈసారి జవాబును బావికాడ పదిమందిలో ఆమెకు వినబడేట్టు చదవండి. చదివారని తెలిస్తేనే వస్తాను.

అన్నట్టు, పెరట్లో మీ అమ్మ ఒక్కతే నీళ్లు పోసే బత్తాయి చెట్టు ఆకులు నేనే కోసి, పొట్లం కట్టి గూట్లో పెట్టాను. మీరైతే మళ్లీ పచ్చటివే ఏరుతారు. ఆ చెట్టు మీద నా చెయ్యి పడటం ఇదే మొదలు. అప్పటికే అది పండబారి ఉంది.