కుడివైపు వాలినవారు

బుధవారం రాత్రి, కూరెకుప్ప

ఈ రోజు నేను నడిపిన విమానం, దిగడానికి కాసేపటి ముందు, ఎవరి అనుమతీ పొందకుండా ఎడమవైపు ఒరగడం ప్రారంభించింది. నేనూ కో-పైలట్టూ కంట్రోల్ చక్రాన్ని కుడివైపు బిగబట్టి, ఎలాగో రన్‌వే మీదికి దించాం. ప్రయాణికులకు "చిన్న సాంకేతిక అంతరాయం" అని మాత్రమే ప్రకటించాను. నా గొంతు ప్రశంసనీయమైన నిలకడతో పనిచేసింది.

విమానం మెట్ల దగ్గర, ప్రయాణికుల్లో సండూరు ఊరి పెద్దమ్మ ఒకామె నన్ను ఆపింది.

"మా ఘాట్‌లో బస్సు ఒరిగితే అందరం రెండో పక్కకి వాలతాం గదప్పా. ఈడా అట్లే కుడికి వాలితిమి. లేకుంటే నువ్వు దించుతాంటివా?"

"తమ సహకారానికి మా సంస్థ కృతజ్ఞతలు తెలుపుకుంటోంది," అని విన్నవించాను.

సీట్లలో అలా వాలడం వల్ల విమానానికి ప్రయోజనం దాదాపు శూన్యం. ఆ సంగతి తెలిసినవాణ్ణే. అయినా చక్రాలు నేలను తాకినప్పుడు నేనూ కుడికే వాలి ఉన్నాను.

ఇందాక భోజనం దగ్గర మా ఆవిడ అడిగింది: "ఏంది, అట్ల ఒక పక్కకి వాలి కూచుండావు? నేరుగా కూచోరాదా?"

ఇది రాస్తున్నప్పుడూ అలాగే ఉన్నాను. రేపు ఉదయం మళ్ళీ విధులకు హాజరు కావాలి. అంతకుముందు ఒకసారి నేరుగా కూర్చుని చూడాలి. కూర్చుంటే ఇల్లు ఎడమవైపు ఒరుగుతుందేమో...