పేరు లేని రక్తం

హైదరాబాదు,
10-9-2002

ప్రియమైన సుగుణా,

నీ ఉత్తరం అందింది. బిడ్డ కదులుతోందని చదివి ఆఫీసులోనే నవ్వేశాను. పక్క బల్ల దగ్గర ఆయన ఏమిటండీ విశేషం అని అడిగారు కూడా.

అదే ఉత్తరంలో, నెలనెలా చూపించుకునే ఆసుపత్రిలో రక్తం తీశారని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఒకసారి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళి ఎయిడ్స్ పరీక్ష చేయించుకో. నీ పేరు చెప్పి చేయించుకో, ఫలితం అడిగి తెచ్చుకో. వీలైతే మరిదిగారినీ తీసుకెళ్ళు. ఎందుకని అడక్కు. ఈ జబ్బుల మీదే పరిశోధన చేస్తున్నదాన్ని, ఊరికే చెప్పను.

ప్రేమతో,
అక్క రేచల్


రాజోలు,
19-9-2002

అక్కయ్యకు వందనాలు.

నీ ఉత్తరం ముందు ఆయన చేతిలో పడింది. చదివి, మడిచి, నా కంచం పక్కన పెట్టి, అన్నం తినకుండానే బడికి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చాక ఒక్కటే అడిగారు: "మీ అక్కగారు నన్ను అలాంటోణ్ణి అనుకుంటన్నారా?"

నేనేం చెప్పాలి? ఆదివారం పిల్లలకి బైబిలు వాక్యం చెప్పే మనిషి ఆయన. లారీల మీద ఊళ్ళు తిరిగేవాళ్ళకి వచ్చే జబ్బు మా గుమ్మంలోకి ఎందుకొస్తుంది? నీ చదువు నీకు అందర్లోనూ రోగాలే చూపిస్తోంది. ఇంక ఈ సంగతి రాయకు.

సుగుణ


హైదరాబాదు,
28-9-2002

ప్రియమైన చెల్లీ,

కోపం వస్తే రానీ. చెప్పగలిగినంత చెబుతాను.

ఈ జబ్బు ఎంత పాకిందో తెలుసుకోవడానికి, గర్భిణుల దగ్గర తీసిన రక్తంలో మిగిలినదాన్ని మా దగ్గరికి పంపుతారు. సీసా మీద పేరుండదు, అంకె మాత్రమే. ఎవరి రక్తమో మాకెవరికీ తెలియకూడదని ఆ పద్ధతి. మీ ఆసుపత్రి ఫలితాలు చూశాను. ఇంతకంటే చెబితే నా ఉద్యోగం పోతుంది. పోతే పోయింది, కానీ చెప్పడానికి నా దగ్గర పేరే లేదు సుగుణా. ఆ తల్లులెవరో నాకు తెలిసే దారి లేదు. వాళ్ళకీ తెలియదు.

ముందుగా తెలిస్తే బిడ్డను కాపాడుకోవచ్చు. నొప్పులు మొదలవగానే తల్లికి ఒక మాత్ర, పుట్టిన బిడ్డకి కొన్ని చుక్కల మందు. దాంతో చాలామంది బిడ్డలు తప్పించుకుంటారు. మరిదిగారికి నా క్షమాపణలు చెప్పు. కానీ వెళ్ళు.

నీ అక్క


రాజోలు,
4-11-2002

అక్కయ్యకు వందనాలు.

కాకినాడ వెళ్ళొచ్చాను. నా రక్తంలో ఏమీ లేదు. ఆయన రాలేదు గానీ, కాగితం చూశాక ఆ పూట కడుపునిండా తిన్నారు. ఇంక ఏమీ అడక్కు.

నీ చెల్లి


హైదరాబాదు,
21-6-2004

ప్రియమైన సుగుణా,

మీ ఇంట్లో వారం రోజులు హాయిగా గడిచాయనుకుంటూ బస్సెక్కబోతుంటే మరిదిగారు నోరు జారారు. "మళ్ళీ నెలలో కాకినాడ పరీక్షకి వెళ్ళాలండి" అన్నారు. ఏం పరీక్షండీ అంటే, మాట మార్చేశారు.

ఏమీ లేదని తేలినవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్తారు? నాతో అబద్ధం చెప్పావా? పాపకి కూడా చేయిస్తున్నావా? ఎంతోమంది ఫలితాలు చేత్తో రాసిన నాకు నా చెల్లెలి సంగతి తెలియదు. ఏదైనా సరే, రాయి. నీ మీద నాకు కోపం రాదు.

అక్క


రాజోలు,
6-8-2004

ప్రియమైన అక్కయ్యకు ప్రభువు పేరట వందనాలు.

నీతో అబద్ధం చెప్పలేదు. నా రక్తంలో అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ లేదు. చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. దుర్గ చెప్పమంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

దుర్గ మా పక్క కొబ్బరితోటల వాళ్ళ కోడలు. నాకూ దానికీ ఒకే నెలలు. కాకినాడ ఒంటరిగా వెళ్ళడానికి భయమేసి తోడు రమ్మన్నాను. ఎలాగూ వచ్చాం కదా అని అది కూడా రక్తం ఇచ్చింది. నాకు లేదు. దానికి ఉంది.

 బస్సు ద్రాక్షారామం దాటాక అది నా చెయ్యి పట్టుకుని, "మా అత్తగారికి తెలిస్తే గెంటేస్తారే. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంది. మాకు ఒట్లు కూడదని తెలిసీ వేశాను. భర్తకి మాత్రం తనే చెప్పుకుంది. అతను అరటి లారీ ఎక్కి వెళ్ళినవాడు ఉగాది దాకా ఇంటికి రాలేదు.

కాన్పు కాకినాడలోనే జరిగింది. మాత్ర వేసుకుంది, బాబుకి చుక్కలు పోయించింది. పాల వల్ల కూడా బిడ్డకి రావచ్చని డాక్టరమ్మగారు చెప్పారు. అందుకని, పాలు పడలేదని ఇంట్లో చెప్పి, రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుని, జ్వరంతో మూలుగుతూ పడుకునేది. డబ్బాపాలు బాబుకి సరిపడలేదు. విరేచనాలు పట్టుకుని కళ్ళు లోపలికి పోయాయి.

అప్పుడు వాళ్ళ అత్తగారు పాపాయమ్మగారు వాణ్ణి తువ్వాలులో చుట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చారు. మా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. "అమ్మాయ్, వీడు నిలిచేలా లేడే. నీకు పాలున్నాయి కదా, కాస్త పట్టమ్మా" అన్నారు.

బాబుని తీసుకుని లోపలికి వెళ్ళాను. దుర్గ వెనకే వచ్చి తలుపేసి, నా కాళ్ళు పట్టుకుంది. "వద్దే సుగుణా. వీడికి ఉంటే నీకూ అంటుకుంటుందేమోనే. నీకూ పిల్లుంది." ఆయన గదిలోనే ఉన్నారు. అంతా విన్నారు. నేను ఆయన మొహంలోకి చూశాను. బాబు దగ్గరికి వచ్చి వంగి చూసి, "వీడు ఏడవడం కూడా మానేసేడు సుగుణా" అన్నారు. అంతే. 

పట్టాను. వాడు అన్నం ముట్టేదాకా, నా పిల్లతో పాటే. డాక్టరమ్మగారు తిట్టారు. ప్రమాదం చాలా తక్కువే గానీ లేదని మాత్రం అనలేనన్నారు. అందుకే ఆ పరీక్షలు. అప్పుడే నీకు రాస్తే మానెయ్యమనేదానివి. మానడం నా వల్ల అయ్యేది కాదు. పాపకి జ్వరం వచ్చిన ప్రతిసారీ నేను ఎలా బతికానో ఆ దేవుడికే తెలుసు.

ఏడాదిన్నర నిండాక బాబుకి పరీక్ష చేశారు. వాడికి లేదక్కా. దుర్గ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఇంటికొచ్చి అత్తగారితో తనే అంతా చెప్పేసింది.  ఆ రోజు దీపాలు పెట్టేవేళ పాపాయమ్మగారు మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని నీళ్ళడిగి తాగారు. "దాన్ని ఎక్కడ చూపించాలో మీ అక్కగారికి తెలుస్తదంట కదా. తీసుకెళ్ళమ్మా. పిల్లలిద్దర్నీ నేను చూస్తాను" అన్నారు.

దుర్గ బాగా చిక్కిపోయింది. దగ్గు వదలడం లేదు. హైదరాబాదులో ఈ జబ్బుకి సర్కారు మందులు ఉచితంగా ఇస్తోందని విన్నాం. మంగళవారం రాజమండ్రిలో గౌతమి రైలు ఎక్కుతాం. నీ ముందుకి రావడానికి దుర్గ సిగ్గుపడుతోంది. స్టేషనులో నువ్వే ముందు పలకరించు.

నీ చెల్లి,
సుగుణ