మ్యూజియం కాకూడని హాప్ బట్టీ

ఇంగ్లండులోని కెంట్ జిల్లా ఫావర్‌షామ్ ఊరి బయట, పాత హాప్ బట్టీ పక్కనున్న చిన్న ఇంట్లో ఉంటున్న క్లెమెంట్ ఆస్క్యూ అనే నేను, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, మతి సరిగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాక, ఎవరి ఒత్తిడీ మొహమాటమూ లేకుండా రాసుకుంటున్న పత్రం ఇది. నా చేతులు వణుకుతాయి, తల వణకదు. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ దీంతో రద్దు. ముఖ్యంగా ఎనిమిదేళ్ల కిందటిది. అందులో ఈ బట్టీని సాల్ట్ ఆల్మనాక్ అభిమాన సంఘానికి రాసిచ్చి, మ్యూజియం పెట్టుకోమన్నాను. ఆనాడు నా మతి సరిగా ఉందని సంతకం పెట్టిన డాక్టరు మీద నాకిప్పుడు అనుమానం.

నన్నెరగని వాళ్లు కూడా ఇది చదవాలి కాబట్టి చెబుతున్నాను. సాల్ట్ ఆల్మనాక్ అంటే మేం నలుగురం. పాడిన ఫెలిక్స్ పోయాడు. డ్రమ్ములు వాయించిన ఆల్డిన్ పెల్ పోయాడు. గిటారు గావిన్ స్ట్రేకర్, కీబోర్డుల దగ్గర నేను మిగిలాం. మాది ప్రోగ్రెసివ్ రాక్. మూడు నిమిషాల ప్రేమపాట జనానికి చాలదని, రికార్డు ఒక వైపంతా నిండే పాటలు కట్టాం. బీరులో వేసే హాప్ కాయలు ఒకప్పుడు ఆరబెట్టిన ఈ గుండ్రటి బట్టీలోనే 1974లో ‘ఏడు తూములు’ అనే పాట తయారైంది; దానిలో ఒక్కో భాగం ఒక్కో తూము. దాని మీద వచ్చిన డబ్బుతోనే బట్టీ కొన్నాను. నేను సంపాదించింది ఇంతే.

ఒకటి. ఈ పత్రాన్ని అమలు చేయవలసింది లాయరు ఫిలిపా గ్రాంట్లీ. మా పాట ఒక్కటి కూడా వినలేదని ఆవిడే చెప్పింది, అందుకే ఎంచుకున్నాను. చిత్తుప్రతి చూసి, “వీలునామాలో తిట్లు చెల్లవండీ” అంది. చెల్లకపోయినా ఉండనివ్వమన్నాను.

రెండు. గావిన్ స్ట్రేకర్‌కు నా మెట్రొనోమ్ ఇస్తున్నాను. కీ ఇస్తే టిక్కు టిక్కుమంటూ తాళం చెప్పే చెక్క పెట్టె అది. వాడికి దీని అవసరం మొదటి నుంచీ ఉంది.

బృందం పేరు మీద హక్కు సగం వాడిది, సగం నాది. పోయిన ఏడాది వాడు ఏదో కంపెనీతో మాట్లాడుకుని వచ్చాడు. ఫెలిక్స్ గొంతును కంప్యూటరుతో పుట్టిస్తారట, వాడి బొమ్మను వెలుగుతో స్టేజీ మీద నిలబెడతారట. నా వంటింట్లో కూర్చుని, “ఒరేయ్ క్లెమ్, ఇప్పుడు వాడు తాగడు, ఆలస్యంగా రాడు, గొంతు పట్టేసిందని వంకలు పెట్టడు. బతికుండగా ఎప్పుడైనా ఇంత బుద్ధిగా పనిచేశాడా?” అన్నాడు. నేను నవ్వాను. వాడు వెళ్లాక ఫెలిక్స్ ఫోటో ఉన్న గదిలోకి పోవడానికి సిగ్గేసి చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయాను. కాబట్టి, పేరులో నా సగాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. నా తర్వాత ఆ పేరుతో ఎవరూ, ఏ బొమ్మా స్టేజీ ఎక్కడానికి ఫిలిపా ఒప్పుకోకూడదు.

మూడు. అభిమాన సంఘం అధ్యక్షుడు బెర్నార్డ్ టట్‌హిల్‌కు ఒక రిహార్సల్ టేపు ఇస్తున్నాను.

ఏటా సెప్టెంబరులో సంఘం వాళ్లు మా ఊరి హాల్లో కలుస్తారు. ‘ఏడు తూములు’ రికార్డులో ఎలా ఉందో అలాగే, పోయినవాళ్ల చోట అద్దె మనుషులను పెట్టుకునైనా, మేం వాయించాలి. బెర్నార్డ్ మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని ముందు వరసలో కూర్చుంటాడు. రికార్డు మీదున్న సమయానికి పాట ముగిస్తే చెయ్యెత్తుతాడు, హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. రికార్డు చేసిననాడు ఆల్డిన్ కూర్చున్న స్టూలు ఒకచోట కిర్రుమంది. మళ్లీ వాయించడానికి టేపు లేక అలాగే వదిలేశాం. ఆ చోటు రాగానే హాల్లోని వందలాది బట్టతలలు ఒక్కసారిగా నోటితో కిర్రుమంటాయి. ఆల్డిన్ తన నడుం నొప్పికని మెత్తటి స్టూలు కొనుక్కుంటే, పాతదే తెమ్మని సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పాపం, తెచ్చుకున్నాడు.

ఒక ఏడాది రెండో తూము దగ్గర నా చేతిని అది పోయిన దారినే పోనిచ్చాను. బాగా వచ్చింది. విరామంలో బెర్నార్డ్ పక్కకొచ్చి ఎంతో మర్యాదగా, “ఒంట్లో బాగోలేదా సార్? రెండో తూములో ఏదో తేడా కొట్టింది” అన్నాడు. నేను, “అవునయ్యా, పొద్దుట్నించీ తలనొప్పి” అన్నాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇస్తున్న టేపు సంగతి. ఓ మధ్యాహ్నం పబ్బు తెరిచే వేళైందని తొందరపడి అదే పాటను దాదాపు సగంలో తేల్చేశాం. మేం వాయించిన వాటిలో అదే మేలు. స్టాప్‌వాచ్ తీసి పక్కన పెట్టి వినమని బెర్నార్డ్‌కు మనవి. వాడు చెడ్డవాడు కాడు. వాడికి ఇరవై ఏళ్లప్పుడు మేం ఏదో ఇచ్చాం, అది ఎవరైనా ఎత్తుకుపోతారని భయం.

నాలుగు. ఒకప్పుడు నా భార్య అయిన హెస్టర్‌కు, ఆమె అల్లిన గోధుమరంగు స్వెట్టరు. చలి హాళ్లలో వేసుకోవడానికి అల్లింది. నేను కీబోర్డుల ముందు కూర్చుని ఉండగానే కొలతలు తీసుకుంది కాబట్టి ఎడమ చెయ్యి పొడుగు. కింది కీబోర్డు కోసం ఆ చెయ్యి ఎప్పుడూ చాచే ఉండేది. నిలబడితే వేళ్లు కనపడవు. వెళ్లిపోయేటప్పుడు ఆమె, “సూపు తాగుతూ కూడా బల్ల మీద తాళం వేస్తావు, నీతో మాట్లాడాలంటే సందు దొరకాలి” అంది. ఎవరికీ సరిపోని స్వెట్టరు ఇది. ఆమె విప్పి, ఆ ఉన్నితో వేరే ఏదైనా అల్లుకోవచ్చు.

ఐదు. పుస్తకాలన్నీ ఊరి లైబ్రరీకి. అంచుల్లో నేను రాసిన తిట్లు చెరపనక్కర్లేదు. నా ఇంటర్వ్యూలున్న సంగీత పత్రికలు మాత్రం చెత్తకాగితాల బండికి వేయాలి, సంఘం చేతికి పోకూడదు.

ఎందుకంటే వాటిలో ప్రతిదానిలోనూ అదే ప్రశ్న ఉంది: జనం వినే పాట మారవలసిన సమయం వచ్చిందా? ప్రతిసారీ వచ్చిందనే అన్నాను. రేడియోలో నాలుగు స్వరాలే తిరుగుతున్నాయన్నాను. తర్వాత ఏ పాట వినాలో యంత్రం చెబుతోందన్నాను. టీనీళ్లు కాగేలోపు పాట అయిపోతోందన్నాను. చదివిన పుస్తకాల్లోంచి పెద్ద మాటలు తెచ్చి అతికించాను. అవన్నీ చెప్పి, అదే సాయంత్రం హాలుకు పోయి, యాభై ఏళ్ల కిందటి స్వరాలను వాటి కిర్రుతో సహా వాయించి వచ్చాను. మార్పు రావాలని నేనన్నదానికి అర్థం ఒకటే: జనం మళ్లీ నా వైపు తిరగాలని. రేడియో పాటలు కట్టేవాళ్లు ఒకే పాటను పేర్లు మార్చి అమ్ముతారు. మేం పేరు కూడా మార్చలేదు.

ఆరు. నా అంత్యక్రియల్లో సంగీతం వద్దు. గావిన్ తప్పకుండా గిటారు తెస్తాడు. శ్మశానం వాళ్లిచ్చే సమయమంతా ‘ఏడు తూములు’కే సరిపోతుంది, నన్ను తగలబెట్టడానికి మిగలదు.

ఏడు. ఇక బట్టీ. ఈ పత్రం రాయడమే దాని కోసం.

ఆల్డిన్ మనవరాలు రోవీనా పెల్‌కు ఇరవై నాలుగేళ్లు. ఇంకో ఇద్దరితో కలిసి పాటలు కడుతుంది. వాళ్లదీ ప్రోగ్రెసివ్ రాకే అని పత్రికలు రాస్తున్నాయి. ఆ పేరు పెడితే వాళ్లు భుజాలెగరేస్తారు. ఒకసారి వాళ్ల కచేరీకి వెళ్లి వెనక నిలబడ్డాను. పదకొండు దెబ్బల తాళానికి పిల్లలు డాన్స్ చేస్తున్నారు. మా కాలంలో ఆ తాళానికి మగవాళ్లు గడ్డం నిమురుకునేవాళ్లు.

పోయిన సెప్టెంబరులో, ఆల్డిన్ మీద గౌరవంతో, మాకంటే ముందు ఒక పాట వాయించమని సంఘం ఆ అమ్మాయిని పిలిచింది. ‘ఏడు తూములు’లో నా వరుసనే తీసుకుంది. తీసుకుని కత్తిరించింది, తలకిందులు చేసింది. నా కింది కీబోర్డు స్వరాలను ముగ్గురూ కలిసి గొంతుతో హమ్ చేశారు. రికార్డులోని ఆ కిర్రును, వాళ్ల తాతయ్య స్టూలు కిర్రును, కోసి తెచ్చి పాటంతా తాళంగా నడిపింది. మూడు నిమిషాలు కూడా లేదు. తెర పక్కన నిలబడిన నాకు, అది నేను కట్టినదాని కంటే బాగుందని మొదటి తూము దాటకముందే తెలిసిపోయింది.

హాలు చేతులు కట్టుకుని కూర్చుంది. ఎవరో, “అమ్మాయ్, మిగతా ఇరవై నిమిషాలు ఇంట్లో మర్చిపోయావా?” అన్నారు. తర్వాత నేను స్టేజీ మీదకు వచ్చాను. వందల కళ్లు నా మొహం చూస్తున్నాయి. మైకు తీసుకుని, “టీలు తాగడం అయింది కదా, ఇక అసలు పాట మొదలెడదాం” అన్నాను. హాలు పగలబడి నవ్వింది. రోవీనా ఇంకా స్టేజీ పక్కనే ఉంది, మోకాళ్ల మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటోంది. తలెత్తలేదు. వైరు సగం చుట్టి, మళ్లీ విప్పి, మొదట్నుంచి చుట్టింది.

ఆ నెలాఖరులో, పాటను విడుదల చేసుకోవడానికి అనుమతి అడిగింది. అప్పటి నా లాయరు చేత కుదరదని నోటీసు పంపించాను. ఇది రహస్యమేమీ కాదు. సంఘం వాళ్లు ఆ నోటీసును తమ పత్రికలో అచ్చేసి నన్ను పొగిడారు.

పొగడ్త చదివిన రోజు నుంచి తిండి సయించలేదు. చలికాలమంతా గింజుకుని, ఫిలిపాను పిలిపించి, ఈ ఏడో అంశం ఒకసారి రాయించాను. ‘ఏడు తూములు’ హక్కులన్నీ రోవీనాకు, కోసుకున్నా తిరగేసుకున్నా ఆమె ఇష్టం అని. పెద్ద త్యాగం చేశాననుకుని, ఫిబ్రవరిలో ఆమెను టీకి పిలిచి చదివి వినిపించాను.

రోవీనా బిస్కెట్టు టీలో ముంచి, “ఇప్పుడా అంకుల్? వద్దులెండి” అంది. కోపమా అని అడిగాను. “కోపం అప్పుడుంది. ఇప్పుడు ఆ పాటే అక్కర్లేదు. మేం వేరే చోటికొచ్చేశాం. దాన్నే పట్టుకుని వేలాడితే ఏమవుతుందో హాల్లో చూశాం కదా.” తర్వాత కిటికీలోంచి చూస్తూ, “తాతయ్య మీ గురించి ఒకటే చెప్పేవాడు. క్లెమ్ దేన్నీ రెండుసార్లు ఒకేలా వాయించడు, వాడి వెనక తాళం పట్టలేక చస్తున్నాను అని. నేను తాతయ్య చెప్పిన ఆ మనిషిని చూడటానికొచ్చాను ఆ రోజు హాలుకు” అంది.

ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, ఎక్కడ సాధన చేస్తున్నారని అడిగాను. “టైర్ల షాపు వెనక షెడ్డులో. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. పక్కింటావిడకి డ్రమ్ముల వల్ల కుక్క తిండి మానేసిందట. పాటలున్నాయి అంకుల్, చోటే లేదు” అంది. నన్నేమీ అడగలేదు. కప్పు తనే కడిగి పెట్టి వెళ్లింది.

కాబట్టి పాట హక్కుల గురించి రాయించిన ఆ అంశాన్ని కొట్టివేసి, దీన్ని రాస్తున్నాను. హాప్ బట్టీ, దాని చుట్టూ ఉన్న స్థలం, అక్కడికి పోయే బండిబాట రోవీనా పెల్‌కు పూర్తి హక్కులతో ఇస్తున్నాను. నా చావు దాకా ఆగనక్కర్లేదు. వచ్చే సోమవారం నుంచి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. కనీసం వాయిద్యాలైనా అక్కడే ఉంచాలని షరతు పెట్టమని ఫిలిపా సలహా ఇచ్చింది. రాశాను, కొట్టేశాను. ఏడాదికోసారి ఆల్డిన్ పేరున ఒక పాట వాయించాలని రాశాను, అదీ కొట్టేశాను. గోడ మీద మా నలుగురి పేర్లున్న రాతిపలకను పీకేసి, ఆ చోట కిటికీ పెట్టుకోవచ్చు. లోపల వెలుతురు తక్కువ.

గావిన్ ఫోన్ చేసి, “మ్యూజియం అయితే నీ కీబోర్డు అద్దాల పెట్టెలో ఉండేదిరా, తాకే దిక్కుండేది కాదు” అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. వాడి ఏడుపు ఆగేదాకా ఫోన్ పెట్టేయలేదు. అయినా ఈ అంశం మారదు. సంఘం కోర్టుకు వెళితే, రోవీనా తరఫు ఖర్చు నేను మిగిల్చిన దాంట్లోంచి ఫిలిపా భరించాలి.

జనం పాట మారాలా వద్దా అని నన్నిక ఎవరూ అడగనక్కర్లేదు. బట్టీలో ఆ పిల్లలు ఏం వాయిస్తారో నాకు తెలియదు. నాకు నచ్చకపోవచ్చు. నా ఇష్టాయిష్టాలను ఈ పత్రంలో ఎవరికీ రాసివ్వడం లేదు. అవి నాతోనే పోతాయి.

2024 మార్చి పదకొండో తేదీన, ఫావర్‌షామ్‌లో, కింద పేర్లున్న ఇద్దరూ చూస్తుండగా చదువుకుని సంతకం చేశాను.

క్లెమెంట్ ఆస్క్యూ

ఆయన సంతకం చేయడం మేమిద్దరం ఒకేసారి చూశాం. ఈ పత్రం వల్ల మాకు వచ్చేది ఏమీ లేదు.

సాక్షులు:
ఇడిత్ కోల్‌బ్రుక్, నర్సు
జోనస్ వెథరాల్, రొట్టెల దుకాణం